కంప్యూటరు గది బయట చెప్పులు

పొద్దున లేవగానే వెంకట్రామయ్యకు రెండు పనులుంటాయి. ఒకటి, రాత్రి వేసిన తాళం వేసినట్టే ఉందా అని వీధి తలుపు దగ్గర నిలబడి లాగి చూడటం. రెండోది, పెరట్లోకి వెళ్ళి పక్కింటి వీరరాఘవమ్మ కంచెను తమ వైపు జరిపిందేమోనని జానలు పెట్టి కొలవటం. ఆవిడ పెద్ద ముసలిది, మోకాళ్ళ నొప్పుల మనిషి. కంచె మాట అటుంచి పీట జరుపుకోవాలన్నా మనవరాలిని కేకెయ్యాలి. ఆ నొప్పులు నిజమో కాదో ఎవరు చూడొచ్చారు అంటాడు వెంకట్రామయ్య.

ఆ ఆదివారం కూడా ఆ రెండు పనులూ ముగించి, స్నానం చేసి, ఫలహారం తిని, పదింటికల్లా పరీక్షకు వెళ్ళి కూర్చోవాలని ఆయన ఏర్పాటు. నరసరావుపేటలో ఆయన గుమాస్తాగా పనిచేసే సహకార బ్యాంకు కంప్యూటరు కొంటోంది. దేశంలో ఎక్కడ చూసినా కంప్యూటర్ల కబుర్లే వినపడుతున్న రోజులవి. దాన్ని నడిపే మనిషి కావాలి గనుక ప్రెసిడెంటు గారు ఇద్దరు గుమాస్తాలను స్టేషన్ రోడ్డులో బట్టల కొట్టు మేడ మీద పెట్టిన శిక్షణ కేంద్రానికి పంపారు. ఒకరు వెంకట్రామయ్య. రెండోవాడు పక్క టేబులు త్రికోటేశ్వరరావు. ఇద్దరిలో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికే కంప్యూటరు అప్పగిస్తామనీ, ఇద్దరూ తప్పితే ఒకడు పాసయ్యేదాకా మళ్ళీ మళ్ళీ రాయిస్తామనీ చెప్పారు. బెల్లంకొండ బ్రాంచిలో ఒక మనిషి తక్కువగా ఉన్నాడు, ఒకరిని అక్కడికి పంపాలి అని కూడా ఆ నోటితోనే అన్నారు.

ఈ రెండు మాటలనూ వెంకట్రామయ్య ఇంటికెళ్ళి ముడివేసుకున్నాడు. పాసైనవాడు నరసరావుపేటలో ఉంటాడు, తప్పినవాడు బెల్లంకొండ పోతాడు. తను బెల్లంకొండ పోతే కంచె ఎవరు కొలుస్తారు? వీరరాఘవమ్మ మెల్లమెల్లగా జరుపుకుంటూ వచ్చి, చివరకు తమ వంటింట్లో పొయ్యి పెట్టుకుంటుంది. అందుకని ఆయన ఈ వయసులో కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటరు చదువు చదివాడు. చదువంటే యంత్రాన్ని చూసి చదివింది కాదు. యంత్రాలు దిగింది పరీక్ష వారంలోనే. అప్పటిదాకా నల్లబల్ల మీద పాఠాలు వినటం, అట్టముక్క మీద గీసిన కీబోర్డు మీద వేళ్ళు ఆడించటం, అంతే.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం ఒక వింత జరిగింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆ గడప తొక్కని త్రికోటేశ్వరరావు ఇంటికొచ్చాడు. బ్యాంకులో ఎప్పుడూ "ఏవండీ" అని పిలిచేవాడు కాస్తా "అన్నాయ్" అంటూ వరస కలిపాడు. గుమ్మంలో విడిచి ఉన్న కొత్త కిర్రు చెప్పులను చూసి, బాగున్నాయి, ఎక్కడ కుట్టించావని అడిగాడు. మాచర్లలో ఎరిగున్నవాడి చేత చెప్పి కుట్టించుకున్నవి, అడుగున లారీ టైరు, నడిస్తే వీధి చివరికి వినపడతాయి. వెంకట్రామయ్య వెంటనే వాటిని లోపల పెట్టించాడు.

వెంకట్రామయ్య భార్య హైమావతి కాఫీ ఇచ్చింది. త్రికోటేశ్వరరావు తాగుతూ, తను పొద్దున వెళ్ళి పరీక్ష గది చూసొచ్చానన్నాడు.

"లోపల ఏసీ పెట్టారన్నాయ్. చానా చలి. స్వెట్టర్ ఏసుకురా. చెప్పులు బయటే విడవాలంట, దుమ్ము పడితే యంత్రం పాడైపోద్దని. పాతవేవన్నా తొడుక్కురా. ఇంకోటి, రాసింది రాసినట్టు సేవ్ కొడుతుండు. నువ్వు పాసవ్వాల, నాకదే కావాల."

అతను వెళ్ళాక హైమావతి, పాపం మంచి మనిషి, పనిగట్టుకుని వచ్చి చెప్పాడంది.

"అద్దుడు కాగితం అడిగితే సొరుగుకు తాళం వేసుకునేవాడు. వాడికి నేను పాసయితే ఏం ఒరుగుద్దే?" అన్నాడు వెంకట్రామయ్య.

రాత్రంతా ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. త్రికోటేశ్వరరావు చెప్పినవన్నీ తిరగేసి చేస్తే సరిపోతుంది. మే నెలలో నరసరావుపేట స్టేషన్ రోడ్డులో స్వెట్టర్ తొడుక్కుని నడిస్తే ఊరంతా నవ్వదూ? అందుకని తన దగ్గరున్న చొక్కాల్లోకెల్లా పల్చటిది వేసుకున్నాడు. పాత చెప్పులు వద్దని కొత్త కిర్రు చెప్పులు తొడిగాడు. ఉన్న పాత జతకు పట్టీ ఎటూ తెగి ఉంది. సేవ్ సంగతి సరేసరి. తన రాత తీసుకెళ్ళి ఆ పల్చటి ఫ్లాపీలో పెడితే అది రాత్రికి ఎవరి ఇంట్లో ఉంటుందో ఎవరికి తెలుసు? ఏం రాసినా ముందు కాగితం మీద రాసుకుందామనుకుని కార్బన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మేడ మెట్లెక్కేసరికి తలుపు పక్కన 'చెప్పులు బయట విడవవలెను' అని బోర్డు ఉంది. దానికింద అప్పటికే విడిచిన చెప్పుల వరస ఉంది, ఆ వరస పక్కన స్టూలు మీద కాలేషా అనే వాచ్‌మన్ ఉన్నాడు. వెంకట్రామయ్య అతనిది ఏ ఊరో, ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నాడో, పరీక్ష అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాడో మధ్యలో ఎటన్నా పోతాడో విచారించాడు.

"నేనుండగా చెప్పులెక్కడికి పోతయ్ సార్?" అన్నాడు కాలేషా.

అతనుండటమే వెంకట్రామయ్యకు నచ్చలేదు. గుడికెళ్ళినప్పుడు ఆయనకొక పద్ధతి ఉంది. ఒక చెప్పు తూర్పు వాకిట్లో, రెండోది పడమటి వాకిట్లో విడుస్తాడు. ఒంటి చెప్పును ఏ దొంగా ముట్టడు. ఇక్కడా అదే పని చేశాడు. కాలేషా అటు తిరిగినప్పుడు కుడి చెప్పు వరసలో వదిలి, ఎడమ చెప్పును సంచీలో దాచి, మంచినీళ్ళు తాగొస్తానని కిందికి దిగాడు. మెట్ల కింద చీకటిగా ఉంది. తడిమితే గోడకు చేతికందే ఎత్తులో ఇనప కొక్కెంలాంటిదేదో తగిలింది. దానికి చెప్పును బొటనవేలు దూర్చే తోలు ఉంగరం పట్టి తగిలించాడు. పైకొస్తుంటే త్రికోటేశ్వరరావు ఎదురై, ఖాళీ సంచీ వంకా, ఆయన వట్టి పాదాల వంకా చూసి నవ్వాడు. ఆ నవ్వు వెంకట్రామయ్యకు బొత్తిగా నచ్చలేదు.

లోపల చలి అబద్ధం కాదు. కూర్చున్న కాసేపటికే పల్చటి చొక్కాలోంచి చలి ఎముకల్లోకి దిగింది. పళ్ళు టకటకలాడాయి. పరీక్ష పెట్టడానికి గుంటూరు నుంచి వచ్చిన కుసుమ అనే ఆవిడ వరసల మధ్య తిరుగుతూ వచ్చి ఆయన వెనక ఆగింది. కాపీ కొట్టేవాళ్ళను వణుకును బట్టి పట్టేస్తానని ఆవిడకు గట్టి నమ్మకం. లేచి నిలబడి జేబులు చూపించమంది. నల్ల కాగితం బయటపడింది. అదెందుకని అడిగింది.

"నకలు తీయకుండా నేను ఏ కాగితం మీదా రాయనండీ," అన్నాడు వెంకట్రామయ్య.

ఆవిడ దాన్ని రెండు వైపులా చూసి, వెలుతురుకు పెట్టి చూసి, వేళ్ళకు నలుపు అంటుకున్నాక తిరిగిచ్చింది. ఆ తర్వాత ఇక ఆయన్ను వదలలేదు. పక్క యంత్రం ముందున్న త్రికోటేశ్వరరావు జాలిపడి తన స్వెట్టర్ విప్పి ఇవ్వబోయాడు. దాని జేబులో చీటీలు పెట్టి ఇస్తున్నాడేమోనని వెంకట్రామయ్య చేతులు వెనక్కి పెట్టుకుని, వద్దని తల ఊపాడు.

పంట రుణం మీద వడ్డీ లెక్కకట్టే ప్రోగ్రాం రాయమన్నారు. మిగిలినవాళ్ళంతా నేరుగా యంత్రం మీద పడ్డారు. సేవ్ చేయటమంటే అంతా అయ్యాక చివర్లో చేసే పనని వాళ్ళ ఉద్దేశం. వెంకట్రామయ్య ఒక్కడే అసలూ నకలూ పెట్టుకుని కాగితం మీద తీరిగ్గా రాశాడు, సరిచూశాడు, ఆ తర్వాతే ఒక్కో అక్షరం వెతికి కొట్టసాగాడు. త్రికోటేశ్వరరావు మాత్రం రెండు మీటలు కొట్టి, కిటికీలోంచి రోడ్డు చూసి, మళ్ళీ రెండు మీటలు కొడుతున్నాడు. అంత నిదానంగా ఉన్నాడంటే ప్రశ్న ముందే తెలిసి ఉండాలి అనుకున్నాడు వెంకట్రామయ్య.

అంతలో తెరలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఏసీ మూలిగి ఆగిపోయింది. రాసిందంతా పోయిందని గదిలో గోల పుట్టింది. కరెంటు పోవటం మామూలేగా, కాసేపు ఆగుదామంది కుసుమ. కానీ వెంకట్రామయ్య ఆగే మనిషి కాదు. కిటికీ దగ్గరికెళ్ళి రోడ్డవతలి కిళ్ళీ కొట్టులోకి తొంగిచూశాడు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఇది కరెంటు పోవటం కాదమ్మా, తీయటం. ఈ గదిలోవాళ్ళే ఎవరో చేయించిన పని. ఎవరో కనిపెట్టి వాడి పరీక్ష రద్దు చెయ్యండి," అన్నాడు, త్రికోటేశ్వరరావు వంక చూస్తూ.

ఫ్యాను సంగతి తనకు తట్టనందుకు కుసుమ కొంచెం నొచ్చుకుంది. అయినా మాట సబబుగానే తోచింది. అలాగే రద్దు చేస్తానని అందరి ముందూ చెప్పి, చూసి రమ్మని కాలేషాను కిందికి పంపింది. కాసేపటికి తెరలు వెలిగాయి. ఆ వెనకే కాలేషా చేతిని ముందుకు చాచి, రెండు వేళ్ళతో ఒక చెప్పు పట్టుకుని వచ్చాడు.

"మెట్ల కింద మెయిన్ స్విచ్ పిడి వదులుగా ఉంటది మేడం. ఎవరో దానికి ఇది తగిలించారు. టైరు చెప్పు, బరువుకి పిడి కిందికి దిగిపోయింది."

వెంకట్రామయ్యకు అంత చలిలోనూ చెమట పట్టింది. రద్దు చెయ్యమన్నది తనే. ఇక కంచె పోయినట్టే, పెరడు పోయినట్టే. కుసుమ అందర్నీ బయటికి రప్పించి ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కోమంది. వరసలో ఒంటి కిర్రు చెప్పు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది. ఒక్కొక్కరే తొడుక్కుని పక్కకు తప్పుకున్నారు. చివరికి ఆ ఒంటి చెప్పూ, తెగినచోట పిన్నీసు పెట్టిన ఒక రబ్బరు జతా, వట్టి కాళ్ళతో ఇద్దరు గుమాస్తాలూ మిగిలారు.

అప్పుడు త్రికోటేశ్వరరావు ముందుకొచ్చి, కాలేషా చేతిలోది తీసుకుని తొడుక్కున్నాడు. వరసలోదీ తొడుక్కున్నాడు.

"నాయేనమ్మా. పోతయ్యేమోనని కింద తగిలిచ్చా. అది స్విచ్చని నాకు తెలవదు," అన్నాడు.

కుసుమ అక్కడికక్కడే అతని పరీక్ష రద్దు చేసింది. అతను తలవంచుకుని మెట్లు దిగిపోతుంటే కిర్రు చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. మిగిలినవాళ్ళు పోయినదాన్ని గుర్తుచేసుకోలేక కిందామీదా పడుతుంటే, వెంకట్రామయ్య కాగితం చూసి మొత్తం మళ్ళీ ఎక్కించాడు. వడ్డీ సరిగ్గా వచ్చింది. సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికిచ్చారు. ఆ రబ్బరు చెప్పులు తొడుక్కుని ఇంటికి నడుస్తుంటే ఆయనకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. అలాంటి మనిషిని ఇన్నాళ్ళూ అనుమానించానే అని లెంపలు వేసుకున్నాడు.

సంగతంతా విని హైమావతి ఆ రబ్బరు చెప్పుల వంక చూసింది.

"తప్పు నెత్తినేసుకున్నాడు, సరే. మరి చెప్పులు తిరిగి తెచ్చియ్యలేదేంది?"

"నీ బుద్ధే అంతే. మనిషిని నమ్మటం నేర్చుకోవే," అని కోప్పడ్డాడు వెంకట్రామయ్య. ఆ రాత్రి తాళం లాగి చూడలేదు. తెల్లారి కంచె కొలవలేదు.

సోమవారం బ్యాంకుకు వెళ్ళగానే ప్రెసిడెంటు గారు గదిలోకి పిలిచి భుజం తట్టారు. ఇక్కడ పెంకుల్లోంచి దుమ్ము రాలుతోందనీ, యంత్రానికది పడదనీ, అందుకే తమ సొంతూరు బెల్లంకొండలో కట్టించిన కొత్త బ్రాంచిలో కంప్యూటరు పెడుతున్నామనీ చెప్పారు. అక్కడ తక్కువైన మనిషి కంప్యూటరు మనిషేనట. బుధవారం వెళ్ళి చేరమన్నారు.

"నీకు త్రికోటేశ్వరరావు చెప్పలేదా? అక్కడి కంప్యూటరు గదికి పాలు పొంగిచ్చిన రోజు పనులన్నీ దగ్గరుండి చేసింది వాడేగా," అన్నారు.

నువ్వు పాసవ్వాల, నాకదే కావాల అన్న మాటకు అర్థం వెంకట్రామయ్యకు అప్పుడు తెలిసింది. సరిగ్గా అప్పుడే వరండాలో కిర్రు కిర్రుమంటూ చప్పుడు దగ్గరికొచ్చింది. త్రికోటేశ్వరరావు లోపలికొచ్చి నమస్కారం పెట్టి, "ఏవండీ, పాసయ్యారంటగా," అన్నాడు. అన్నాయ్ అన్న మాట ఎటు పోయిందో పోయింది.

వెంకట్రామయ్య ఇక దాచలేదు. జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆ చెప్పులు తనవే, కరెంటు పోయింది తన వల్లే, రద్దు చెయ్యవలసింది తన పరీక్షేనని బల్లమీద సర్టిఫికెట్ పెట్టి బతిమాలుకున్నాడు.

ప్రెసిడెంటు గారు ఆయన్ను ఎగాదిగా చూశారు.

"బదిలీ తప్పిచ్చుకోటానికి పక్కవాడి చెప్పులు నాయంటావా? ఇంత పెద్దమనిషివి, నిన్ను నమ్మటమెట్లయ్యా? వాడి కాళ్ళకు చూడు, కొలిచి కుట్టినట్టున్నయ్. నీ చెప్పులు నీ కాళ్ళకే ఉన్నయ్‌గా," అన్నారు.

వెంకట్రామయ్య కిందికి చూసుకున్నాడు. పిన్నీసు పెట్టిన రబ్బరు చెప్పులు ఆయన కాళ్ళకు సరిగ్గా సరిపోయాయి.