పంది పోస్టు

మంత్రి గురునాథరావుగారు విశాఖ వచ్చి మైనం మీద యుద్ధం ప్రకటించారు. ఇదివరకు దోమల మీద, రోడ్ల గుంతల మీద కూడా ప్రకటించి ఉన్నారు. ఏ యుద్ధంలోనూ వెనకడుగు వేసిన మనిషి కాదు. ముందడుగు సంగతి మనం అడగకూడదు.

ఓడల నుంచి ఒడ్డుకు ముడిచమురు తెచ్చే పైపులో మైనం పేరుకుపోయింది. చమురు చల్లబడితే అందులోని మైనం గడ్డకట్టి పైపుకి అంటుకుంటుందట. దాన్ని గీకడానికి లోపలికి ఒక గుండు తోస్తారు. ఇంజనీర్లు దాన్ని పిగ్ అంటారు. వెంటనే పిగ్‌ని పంపాలని ఇంజనీరు ఆశాజ్యోతి ఇంగ్లీషులో రాసింది. మంత్రిగారు తెలుగు అభిమాని, తెలుగులో లేని ఫైలు మీద సంతకం పెట్టరు. అలా ‘తక్షణం పందిని ప్రవేశపెట్టవలెను’ అని ఉత్తర్వు వెలువడింది. చదివి నా కళ్ళు చెమర్చాయి.

అది జంతువు కాదని ఆశాజ్యోతి చెప్పబోతే, సంతకం అయిపోయిందన్నారు. జాలరిపేట నూకాలు కూతురు సూర్యకళ కూడా చెప్పి చూసింది. ఆ పిల్ల ఐటీఐ ఫిట్టర్. పైపు కోసం వాళ్ళ పడవల రేవు తీసుకున్నప్పుడు ఇంటికో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆరేళ్ళుగా తల్లీకూతుళ్ళు ఆ మాట పట్టుకునే తిరుగుతున్నారు.

గోదావరి జిల్లాల నుంచి పందిని తెస్తే ఊరుకోమని స్థానిక నాయకులు ధర్నాకు దిగారు. న్యాయమేనని మంత్రిగారు ఒప్పుకున్నారు. మద్దిలపాలెం డిపో వెనక పుట్టి పెరిగిన పందికి వారంలోగా పర్మినెంటు ఆర్డరు, ఐడీ కార్డు, హెల్మెట్ ఇచ్చారు.

ముహూర్తం వేళ మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. పంది పైపులోకి ఓసారి చూసింది, మంత్రిగారిని ఓసారి చూసింది, పూర్ణా మార్కెట్ వైపు పరుగు లంకించుకుంది. హెల్మెట్ మాత్రం దొరికింది.

నూకాలు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“పంది ఎలిపోనాది గదా బాబూ. ఆ కాళీలో మా గుంట సూర్యకళనేసీండి. గుండు తొయ్యడం దానికొచ్చు.”

మంత్రిగారు చలించిపోయి, అర్జీ మీద స్వహస్తాలతో ‘పరిశీలించండి’ అని రాశారు.

మూడో రోజుకే జవాబొచ్చింది. ఇంత వేగం నేనెన్నడూ ఎరగను. విధి నిర్వహణలో అదృశ్యమైన ఉద్యోగి ఖాళీని కారుణ్య నియామకం కింద కుటుంబీకులకే ఇస్తారు కనుక, సూర్యకళ తాను సదరు పందికి దగ్గరి బంధువునని తహసీల్దారు సర్టిఫికెట్ తేవాలి.

తల్లీకూతుళ్ళు తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళేసరికి, అదే సర్టిఫికెట్ కోసం నలభై మంది క్యూలో ఉన్నారు. అందరికంటే ముందు మంత్రిగారి బావమరిది నిలబడి ఉన్నాడు.