మా వీధి గడ్డికి ఏ లోటూ రాకూడదు

మళ్ళీ జన్మంటూ ఉంటే ఏమై పుడతావని ఎవరైనా అడిగితే, మంత్రిగారి అల్లుడిగానో బ్యాంకు మేనేజరుగానో పుడతానని నేను చెప్పను. ట్రామ్ పట్టాల మధ్య గడ్డినై పుడతాను!

నవ్వకండి. తమాషాకి అంటున్న మాట కాదిది. మా ఇంటి మెట్ల మీద కూర్చుని, కంచె మొక్కల సందుల్లోంచి కనిపించినంత మేర లోకాన్ని పరిశీలించి, తీరిగ్గా వచ్చిన నిర్ణయం.

నిరుడు మా వీధిలోకి ట్రామ్ లైను పొడిగించారు. పొడిగిస్తాం, పొడిగిస్తాం అని ఏళ్ళ తరబడి చెబుతుంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాం. తీరా చూస్తే నిజంగానే పొడిగించారు! వీధి నడిమధ్యన పట్టాలు. పట్టాల మధ్య గడ్డి. దానికి అటూ ఇటూ నడుమెత్తు కంచె మొక్కలు, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎక్కడా పిల్లి దూరే సందు కూడా లేకుండా.

మా వీధిలో ఒక స్టాపు కూడా రావాల్సింది. కానీ స్టాపు కట్టాల్సిన చోట పూలమడి అయితే చూడముచ్చటగా ఉంటుందని ఎవరో పెద్దమనిషికి తోచింది. పూలు వచ్చాయి. స్టాపు పోయింది. ఇప్పుడు ట్రామ్ గంట కొట్టుకుంటూ వస్తుంది, గంట కొట్టుకుంటూ పోతుంది. మేం చెయ్యి ఊపుతాం. డ్రైవరు మర్యాదస్తుడు, తనూ ఊపుతాడు.

దీన్ని కొందరు సణుగుడు రాయుళ్ళు అన్యాయం అంటున్నారు. ఎక్కలేని ట్రామ్ ఎందుకూ, దాటలేని వీధి ఎందుకూ అని వాళ్ళ గోల. ఎంత కృతఘ్నత! ఈ పచ్చదనం వల్ల మాకు జరిగిన మేలు ఒకటా రెండా?

ఉదాహరణకి ఆరోగ్యం తీసుకోండి. ఒకప్పుడు ఎదురింటికి వెళ్ళడానికి మేం చెప్పులు కూడా వేసుకునేవాళ్ళం కాదు. అంత బద్ధకం! ఇప్పుడు ఎదురింటికి వెళ్ళాలంటే వీధి చివర ట్రామ్ ఎక్కే వంతెన దాకా నడవాలి, దాని కింద నుంచి అవతలికి చేరాలి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. మంచినీళ్ళ సీసా, తువ్వాలు, టార్చిలైటు పట్టుకుని, ఇంట్లోవాళ్ళకి నాలుగు జాగ్రత్తలు చెప్పి బయలుదేరుతున్నాం. నడవండర్రా అని డాక్టర్లు నెత్తీ నోరూ బాదుకున్నప్పుడు విన్నామా? గడ్డి చెబితే విన్నాం!

మా పక్కింటి రిటైర్డ్ గుమాస్తా గారు వానాకాలంలో గొడుగు అడగడానికి అవతలికి వెళ్ళారు. గొడుగుతో తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరాయి. అయినా ఆయన ఏమీ నష్టపోలేదు. ఆ గొడుగు ఎండకి పనికొచ్చింది.

ఇక శాంతిభద్రతలు. మా వీధిలో ఎదురుబొదురు ఇళ్ళలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పొద్దున లేస్తే ఒకరి కాలరు ఒకరు పట్టుకునేవారు. ఇప్పుడు కాలరు అందడం లేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి తిట్టుకుంటున్నారు గానీ, మధ్యలో ట్రామ్ వచ్చి సగం తిట్లు మింగేస్తోంది. మిగిలిన సగంలో ఏముందో అర్థంకాక, మొన్న తమ్ముడు 'మా అన్న ఈమధ్య మారాడండీ' అని నాతో అన్నాడు కూడా!

ఆ మొక్కల పోషణ సంగతి చెబితే మీరు ముక్కున వేలేసుకుంటారు. పురిటిబిడ్డని కూడా అంత అల్లారుముద్దుగా చూడరు. పొద్దున్నే స్ప్రింక్లర్లు తిరుగుతాయి. సగం నీళ్ళు గడ్డికి, సగం ఆఫీసుకి వెళ్ళే జనానికి. ఇస్త్రీ చొక్కాలతో బయలుదేరినవాళ్ళు తలంటు పోసుకున్నట్టు తయారై వెళ్తున్నారు. ఎండాకాలంలో మొక్కల నెత్తిన పచ్చటి పరదా కట్టారు. పక్కనే బస్సు కోసం మాడిపోతున్న జనం కాసేపు ఆ పరదా అంచు కింద తలలు దూర్చబోతే, కాపలా తోటమాలి ఈల వేశాడు.

"తల బయటికి తియ్యండి సార్! నీడ మొక్కలది!"

వారం వారం మొక్కల డాక్టరు వస్తాడు. ఒక్కొక్క ఆకూ తిప్పి చూస్తాడు, ఎలా ఉన్నావన్నట్టు పలకరిస్తాడు. మా వీధి ఆరోగ్య కేంద్రంలో మనుషుల డాక్టరు కుర్చీ ఖాళీగానే ఉంది కాబట్టి, దగ్గున్నవాళ్ళు, జ్వరమున్నవాళ్ళు ఆ రోజు కంచె పక్కన మొక్కల వరసలోనే నిలబడుతున్నారు. అందరికీ ఒకే మాట చెప్పి పోతాడు: నీళ్ళు బాగా తాగాలి, గాలి బాగా తగలాలి. మందు బాగానే పనిచేస్తోంది.

ఇన్ని మేళ్ళు చెప్పాక మా అక్క సంగతి కూడా చెప్పాలి. లేకపోతే నిజాయితీ ఉండదు.

మా అక్క దర్జీ. సరిగ్గా మా ఇంటి ఎదురుగా అద్దె గది. ముందు భాగంలో కుట్టు మిషన్, వెనక భాగంలో కాపురం. నర్సుల యూనిఫాంలు, స్కూలు నిక్కర్లు, లావెక్కినవాళ్ళ ప్యాంట్లు, చిక్కిపోయినవాళ్ళ ప్యాంట్లు, అన్నీ ఆమె చేతిలోనే. గిరాకీ అంతా మా వైపు నుంచే. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి, వీధి దాటొచ్చి, మా ఇంట్లో కాఫీ తాగి, నా రాతల్లో తప్పులు పట్టి వెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు ఎప్పుడో తేల్చేశాడు. వీధి దాటడానికి ఆ మోకాళ్ళు సరిపోయేవి. వంతెన చుట్టి రావడానికి సరిపోలేదు.

గిరాకీ పోకూడదని మొదట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. మా వైపు నేను టేపు పట్టుకుని కొలతలు తీసేవాణ్ణి. అటు నుంచి అక్క అరిచేది.

"నడుమెంతరా?"

నేను అరిచి చెప్పేవాణ్ణి. వీధి మొత్తం వినేది. బేకరీ ఓనరు నడుము కొలత బయటపడినప్పుడు ట్రామ్‌లో వెళ్తున్నవాళ్ళు కూడా కిటికీలోంచి తొంగిచూశారు. మర్నాటి నుంచి మా వీధి జనం రెడీమేడ్ బట్టలకి అలవాటుపడ్డారు. బట్టలు కుట్టించుకోవడమూ మానేశారు, మా ఇంటి ముందు నుంచి నడవడమూ మానేశారు.

ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందేనని అక్కా నేనూ చెరో వైపు నుంచి బయలుదేరి, వంతెన దగ్గర కలుసుకుని, అక్కణ్ణుంచి ఆటోలో ఈ మొక్కలు నాటించిన సుందరీకరణ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి ఇంజనీరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చాలా మర్యాదగా మాట్లాడారు.

"దారి ఎక్కడివ్వాలో మేం నిర్ణయించమండీ. జనమే నిర్ణయిస్తారు. గడ్డి మీద కాలిబాట పడిందనుకోండి, అక్కడ అవసరం ఉన్నట్టు లెక్క. వెంటనే దారి ఇచ్చేస్తాం. మరి మీ వీధిలో బాట ఏదీ?"

"గడ్డి తొక్కితే జరిమానా అని బోర్డు పెట్టారు కదండీ!" అంది అక్క.

"తొక్కకూడదమ్మా. తప్పు కదూ?"

"తొక్కకపోతే బాటెలా పడుతుందీ?"

"పడలేదంటే అవసరం లేదన్నమాట," అన్నారాయన, చిక్కు లెక్క తేల్చేసిన మేష్టారిలా.

బయటికొచ్చాక అక్క నా వైపు చూసి, "ఆయన చెప్పింది నీకేమైనా అర్థమైందిరా?" అని అడిగింది.

"అర్థమైందక్కా."

"అయితే నువ్వు కూడా ఆ ఆఫీసులో చేరిపో."

మర్నాడు పొద్దున్నే అక్క కంచె పక్కన నిలబడి మా వీధంతటికీ వినపడేలా పిలిచింది. "బాట కావాలంటే బాట వేద్దాం! రండర్రా, తలో అడుగూ వెయ్యండి!"

తోటమాలి టీ తాగడానికి వెళ్ళే వేళ చూసుకుని అందరం దిగాం. రెండు కంచె మొక్కల మధ్య కొమ్మలు పక్కకి నెట్టి, ఒళ్ళు వంచి దూరాం. నర్సు దూరింది. గుమాస్తా గారు గొడుగు మూసి దూరారు. బేకరీ ఓనరు కొంచెం ఇరుక్కున్నాడు గానీ, వెనక నుంచి అన్నా, ముందు నుంచి తమ్ముడూ పట్టి లాగేశారు. ఆ అన్నదమ్ములు ఒక పనిలో చెయ్యి కలపడం మేం అదే చూడడం. అలా కొన్నాళ్ళు తొక్కగా తొక్కగా గడ్డి వంగింది, పసుపుబారింది, చివరికి అక్క గుమ్మం నుంచి మా గుమ్మానికి మట్టిరంగు బాట ఒకటి తేలింది.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. మెట్ల మీద కూర్చుని కాఫీ కప్పు పట్టుకుని, ఎదురుగా ఉన్న తన గుమ్మాన్ని చాలాసేపు చూసింది. "ఇంత దగ్గరట్రా!" అంది. నేను వ్యంగ్యం రాసుకునేవాణ్ణి, ఇలాంటివి రాయడం నాకు చేతకాదు.

ఇంజనీరు గారిని వచ్చి చూడమని కబురు పెట్టాం. తప్పకుండా వస్తానన్నారు. అన్నమాట ప్రకారం వచ్చారు కూడా! అయితే ఆయన వచ్చే రోజు తెల్లవారుతూనే పోషణ సిబ్బంది దిగారు. పెద్దాయన వస్తున్నాడంటే మరి శుభ్రం చేయరూ? కొత్త గడ్డి చాపచుట్టల్లా తెచ్చి, మా బాట మీద పరిచి, అతుకు కనపడకుండా నీళ్ళు కొట్టి, మేం దూరిన సందులో ముళ్ళ మొక్క ఒకటి నాటి పోయారు. ఇంజనీరు గారు అటూ ఇటూ చూశారు.

"బాట ఎక్కడండీ?"

మేం కొత్త గడ్డి వైపు వేలు చూపించాం. ఆయన తన సిబ్బంది పనితనానికి మురిసిపోయి, తోటమాలి భుజం తట్టి వెళ్ళిపోయారు. అందులో ఆయన తప్పేముంది? పోషణలో లోపం ఉంటేనే కదా మా అవసరం బయటపడేది! లోపం లేదు. కాబట్టి మాకు అవసరమూ లేదు.

అక్క గది ఖాళీ చేసింది. ఊరికి ఆ కొసన తన ఆడపడుచు ఇంటి పక్కన ఒక గది దొరికింది. లారీ సాయంత్రం వస్తుందన్నారు, మధ్యాహ్నమే వచ్చేసింది. మిషన్ ఎక్కిస్తుంటే మా వైపు నుంచి చూసి పరుగెత్తాను. వంతెన చుట్టి వెళ్ళేసరికి గది ఊడ్చి ఉంది, లారీ లేదు. బయలుదేరే ముందు కంచె దగ్గరికొచ్చి నన్ను పిలిచిందట. నేను అప్పటికి ఎక్కడో వంతెన కింద ఉన్నాను.

సరే, అయిందేదో అయింది. మళ్ళీ మన గడ్డి దగ్గరికి వద్దాం.

అక్క వెళ్ళిన వారానికే ఆ గదిని సుందరీకరణ విభాగం వాళ్ళు అద్దెకి తీసుకున్నారు. నీళ్ళ పైపులు పెట్టుకోవడానికి. కుళాయి మాత్రం మా వైపు, మా ఇంటి గోడ పక్కనే ఉంది. మర్నాడే మనుషులొచ్చి ముళ్ళ మొక్క పీకేశారు. రెండు వైపులా కంచె కత్తిరించారు. గడ్డి మధ్య నున్నటి పలకరాళ్ళు పరిచి, రెండు చివర్లా చక్కటి గేట్లు బిగించి, తాళాలు వేశారు. తాళంచెవి తోటమాలికిచ్చారు. 'సిబ్బందికి మాత్రమే' అని బోర్డు పెట్టారు. సరిగ్గా మేం బాట వేసిన చోటే!

పని చూసుకోవడానికి వచ్చిన ఇంజనీరు గారిని ఆపి అడిగాను. "కాలిబాట పడకుండానే దారి ఇచ్చారేమండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "పైపు వంతెన చుట్టూ తిరిగి రాగలదా చెప్పండి? అంత దూరం లాగితే అరిగిపోదూ!"

నిజమే! మాకే ఆ తెలివి లేకపోయింది. దారి అడగడానికి వెళ్ళినప్పుడు మేం పైపులమని చెప్పుకోకుండా మనుషులమని చెప్పుకున్నాం. ఎవరైనా చేతులారా కేసు పాడుచేసుకుంటారా?

ఇప్పుడు మా అక్క కూర్చునే గుమ్మంలో పైపు చుట్ట కూర్చుని ఉంటోంది. పొద్దునా సాయంత్రం గేటు తీసుకుని, వీధి దాటి, మా ఇంటి వైపు వస్తోంది. కాసేపుండి వెళ్తోంది.

నిన్న అక్క ఫోను చేసింది. "మన వీధి ఎలా ఉందిరా?" అని అడిగింది.

"పచ్చగా ఉందక్కా," అన్నాను. గేటు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.