హర్ష పేరు మీద రక్తం

మా ఇంట్లో బాణలి అటకెక్కి ఇరవై రోజులైంది. బడిలో పిల్లల్ని తూచిన డాక్టరు, మా పదేళ్ల హర్ష బరువు ఎక్కువుందని, పరగడుపున రక్తంలో కొవ్వు పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చాడు. రిపోర్టు బాగుందని తేలేదాకా ఇంట్లో నూనె కాగకూడదని మా ఆవిడ ప్రసూన తీర్మానించింది. బజ్జీ లేకుండా బొరుగుల ఉగ్గాని తినేవాడి బాధ చిలమత్తూరు మొత్తంలో నాకొక్కడికే తెలుసు.

రిపోర్టు బాగుండాలి, అంతే కదా. హర్షకు పన్నెండేళ్ల అక్క ఉంది, లహరి. గాలిమరల వైపు వెళ్తే ఎగిరిపోతుందేమోనని మేం దాని చెయ్యి వదలం. అంత సన్నటి పిల్లకు కొవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆదివారం ఇద్దర్నీ పరగడుపున హిందూపురం తీసుకెళ్లి, హర్షను బండి దగ్గర కాపలా పెట్టి, ల్యాబ్‌లో లహరి చెయ్యి చాపించి, పేరు హర్ష అని రాయించాను. ఆ పేరు ఆడపిల్లలకూ ఉంటుంది కాబట్టి రక్తం తీసే ఓబిలేష్ ఏమీ అడగలేదు. అమ్మకు చెప్పనని హర్ష ఒట్టేశాడు, లహరీ ఒట్టేసింది. ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు రోజూ మేమిద్దరం తినే బేకరీ పఫ్‌ల సంగతే ఇన్నాళ్లూ బయటపెట్టలేదు, నమ్మకస్తురాలు.

సాయంత్రం రిపోర్టు ఫోనుకొచ్చింది. చూసి కుర్చీలో కూలబడ్డాను. చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఇంకా ఎక్కువ.

ప్రసూన చదివి, హర్షకు ఇకమీద సంగటి సగం ముద్దే అంది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. తర్వాత ఆమె నెయ్యి గిన్నె తీసుకుని లహరి కంచం వైపు తిరిగింది.

"దానికి వేయద్దు" అన్నాను.

"ఏంటికప్పా? పుల్ల మాదిరి ఉండాది, తిననీ."

"ఆ రక్తం దానిదే" అని చెప్పేశాను. సిగ్గు కంటే భయమే ఎక్కువైంది.

ప్రసూన ఆశ్చర్యపోలేదు. నాకది రెండో దెబ్బ.

"పొద్దున దూది ఎవరి చేతికి ఉండాదో నేను చూడలేదనుకుంటివా? పిల్ల మీద ప్రేమ గెలుస్తాదో, బజ్జీ గెలుస్తాదో చూద్దామని ఊరకుంటి" అంది. అప్పుడు చూశాను, నెయ్యి గిన్నె ఖాళీ.

మర్నాడు హర్షకూ నిజంగా పరీక్ష చేయిస్తే వాడిది గీత దాటీ దాటనట్టుంది. బరువు పెరిగితే కొవ్వు పెరగడం మామూలేనని, సన్నగా ఉన్నంత మాత్రాన లేదనుకోవడం పొరపాటని డాక్టరు చెప్పాడు. బయట ఏం తింటావని లహరిని అడిగాడు. ఆ నమ్మకస్తురాలు ఒట్టు గట్టున పెట్టి, సోమవారం నుంచి శనివారం దాకా బేకరీ పట్టిక మొత్తం అప్పజెప్పింది. తిండి మార్చి మూడు నెలలకు మళ్లీ చూద్దామన్నాడు డాక్టరు. ఇది వంశంలో కూడా రావచ్చు కాబట్టి ముందు తండ్రికి పరీక్ష చేయించమన్నాడు.

మరుసటి ఉదయం ల్యాబ్‌లో ఓబిలేష్ పేరడిగాడు. నేను నోరు తెరిచేలోపు ప్రసూన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పేరు శ్రీకాంత్. రక్తం గూడా ఈయప్పదే, బాగా చూసి తియ్యన్నా."

ఇల్లు చేరేదాకా దూది తీయొద్దని నాకు చెప్పింది.