ఫోటో మూలన బొటనవేలు

క్లాసులో కునుకు తీసిన పిల్లల్ని బెంచీ ఎక్కించడంలో నాకు ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది. అలాంటి నేను స్కూలు వార్షికోత్సవం రోజున, వేదిక మీదే, ముఖ్య అతిథి వెనక కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోయానంటే మీరు నమ్మరు. నమ్మకపోతే నాకు సంతోషమే. చిక్కల్లా, దానికి ఫోటో ఉంది.

తీసింది మా నాన్న. ఆయన దర్జీ. కెమెరా పట్టుకున్నా దర్జీ చూపు పోలేదు. తాను కుట్టిన చొక్కా కాలరు నుంచి అంచు దాకా పడితే చాలు, తల సంగతి ఆయనకు అక్కర్లేదు. పైగా దాదాపు ప్రతి ఫోటోలోనూ ఆయన బొటనవేలు ఒక మూల అడ్డొచ్చేది. నా ఖర్మ కొద్దీ ఆ ఒక్క ఫోటోలో నా తల కూడా పడింది. అది కాలరు మీదకు వాలిపోయి ఉంది మరి.

నాన్న పోయి ఐదు నెలలైంది. కెమెరా బీరువాలో ఉంది. నేను ఆ అర తెరవలేదు.

మొన్న శనివారం మా ఆవిడ అంది: "రేపు మీ చెల్లెలొస్తోంది. కెమెరా కార్డులో ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి చూపిస్తా. ఒకటి ఫ్రేము కట్టిద్దాం."

మా చెల్లెల్ని ఇంట్లో లౌడ్‌స్పీకరు అంటాం. ఆ ఫోటో దాని కంటబడితే సోమవారానికల్లా బంధువుల్లో చూడనివాళ్లు మిగలరు.

"నీకెందుకు శ్రమ? నేను ఎక్కిస్తాలే."

"మీరా! రిమోట్లో బ్యాటరీలు తిరగేసి పెట్టి, టీవీ పాడైందని మెకానిక్కుని పిలిచిన మీరా?"

"అది టీవీ. ఇది చదువుకున్నవాళ్ల పని."

"సరే, కానివ్వండి."

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

మధ్యాహ్నం ఆవిడ కాస్త నడుం వాల్చగానే బీరువా అర తెరిచి, కెమెరాలోంచి కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. రెండుసార్లు మొండికేసి, మూడోసారి తిరగేస్తే దూరింది. రెండొందల పద్నాలుగు ఫోటోలు తెర మీద బారులు తీరాయి.

నా ఫోటో ఒక్కటే తీసేస్తే సరిపోయేది. కానీ ఒక్కటే మాయమైతే ఆవిడ పట్టేస్తుంది. పైగా పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. తల లేనివి ఫెయిల్. వేలు పడినవి ఫెయిల్. కడకు పదకొండు పాసయ్యాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాను. పీరియడ్ అయ్యాక బోర్డు తుడవకుండా క్లాసు వదిలే అలవాటు నాకు లేదు. కాబట్టి కార్డు మొత్తం తుడిచేశాను. 'నిజంగా తీసెయ్యాలా?' అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. పరీక్ష తప్పదా అని పిల్లలూ ఇలాగే అడుగుతారు. నేను కరగలేదు.

ఆవిడ కళ్లు నులుముకుంటూ వచ్చింది. "అయిందా?"

"పదకొండు. అన్నీ ముత్యాలు."

"పదకొండేమిటి? మిగతావి?"

"ఫెయిల్. ఎందులో చూసినా వేలే."

ఆవిడ పదకొండూ చూసింది. "మరి ఫ్రేముకి మామయ్యగారేరీ?"

"నాన్న ఎలా ఉంటారే? తీసిందే ఆయనైతే!"

"ఆ వేలు ఎవరిదండీ?"

నాన్న బొటనవేలి గోటికి నిలువునా ఒక గీత. నా మొదటి స్కూలు చొక్కా కుడుతున్నప్పుడు మిషను సూది దిగింది. మూలన పడ్డ ప్రతి వేలి మీదా ఆ గీత ఉండి ఉంటుంది. నేను చూడలేదు. తప్పులు మాత్రమే చూశాను.

"తుడిచేశానే," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినబడలేదు.

ఆవిడ నా చేతిలోని మౌసు లాక్కుని రెండుసార్లు నొక్కింది. 'మామయ్యగారు' అని ఒక ఫోల్డరు తెరుచుకుంది. రెండొందల పద్నాలుగూ ఉన్నాయి.

"ఎప్పుడెక్కించావు?"

"నాలుగు నెలలైంది. మీ తుడిచే జబ్బు నాకు తెలీదా? గ్యాసు పొయ్యి తుడవమన్నప్పుడే అది నయమవుతుంది."

"మరి ఇప్పుడు ఎక్కిస్తానని ఎందుకన్నావు? నన్నెందుకు చెయ్యనిచ్చావు?"

"మీరు కదులుతారనే అన్నాను. బీరువా వైపే వెళ్లని మనిషి తనంతట తాను చూస్తానంటే వద్దంటానా? చూస్తారనుకున్నాను. కూర్చుని మార్కులేస్తారనుకోలేదు."

ఆవిడ ఒక ఫోటో తెరిచింది. "గోటి గీత ఇంత స్పష్టంగా ఇంకెందులోనూ పడలేదు. ఫ్రేముకి ఇదే."

కుడి మూలన నాన్న వేలు. మిగతా తెరంతా నా నోరు.

"చెల్లెలికి చూపించకే," అన్నాను.

"ఇదే బాగుందని చెప్పింది మీ చెల్లెలే. తను చూసీ నాలుగు నెలలైంది."

సోమవారం ఫ్రేములు కట్టే అతని దగ్గరికి ఆ ఫోటో నేనే తీసుకెళ్లాను. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూలన వేలు అడ్డొచ్చింది మాస్టారూ. కత్తిరించేయనా?"

"వేలి జోలికి వెళ్లకు. మరీ చెయ్యి ఆగకపోతే ఆ నోరు కత్తిరించు."

నోరు నట్టనడుమ ఉంది కాబట్టి కుదరదట.