ఎలుక పత్రం

బండారి ఓదెలును ఎలుకగా గుర్తిస్తూ తహసీల్దారు కార్యాలయం సోమవారం పదకొండు గంటలకు ధ్రువీకరణ పత్రం ఇచ్చింది. దరఖాస్తు పెట్టింది అతని భార్య నర్సవ్వ. జత చేసినవి రేషన్ కార్డు, రెండు ఫొటోలు, మెదడు స్కానింగ్.

కారణం సూటిగానే ఉంది. ఓదెలు తలలో నిమ్మకాయంత గడ్డ ఉంది. గుట్ట మీద దొరికే చేదుతీగ నుంచి తీసిన మందు అలాంటి గడ్డల్ని కరిగిస్తోందని పెద్దాసుపత్రి వెనకున్న పరిశోధనశాల పద్నాలుగేళ్లుగా చెబుతోంది. కరిగింది ఎలుకల్లో. మనుషులకు ఇచ్చే అనుమతి ఫైలు నడుస్తూనే ఉంది. ఆ పద్నాలుగేళ్లూ గుట్టెక్కి తీగ కోసి, గోనెసంచుల్లో మోసుకొచ్చి ఇచ్చినవాడు ఓదెలే. ఆకు నమిలి చూశాడు. వాంతులయ్యాయి, గడ్డ కదల్లేదు. అందులోంచి తీసిన చుక్కే పని చేస్తుంది. ఆ చుక్క ఎలుకలకే ఇస్తారు.

గుమస్తా జలంధర్ ఫారం తిప్పి చూశాడు.

"ఇంటి ఎలుకనా, పొలం ఎలుకనా?"

"ఏదైతే జల్ది అయితదో అది రాయి సారూ," అంది నర్సవ్వ.

"ల్యాబుకైతే తెల్లదే ఉండాలె. మీ ఆయన నలుపు గద."

"ల్యాబోళ్ల ఆకు కోసీ కోసీ నల్లగైండు."

జలంధర్ తెలుపు అని రాసి ముద్ర వేశాడు. సిరా ఆరేలోగా ఓదెలు తెల్లబడి, అరచేతిలో పట్టేంత అయ్యాడు. నర్సవ్వ అతన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, మూతకు కాస్త సందు వదిలి బస్సెక్కింది.

పరిశోధనశాలలో డాక్టర్ సుహాసిని పత్రం చూసి అరగంటలో చేర్చుకుంది. చెవికి నలభై ఒకటో నంబరు తగిలించారు. మనిషిగా ఉన్నప్పుడు ఇదే ఆవరణలో స్కానింగ్ కోసం రెండు నెలలు వరండాలో చాప మీద పడుకున్నాడు. ఇప్పుడు ఏసీ గది. రోజూ శుభ్రం చేసే పెట్టె. ఎప్పుడూ నీళ్లు. పొద్దున్నే బరువు చూసి రాసుకునేవారు, నొప్పితో ముడుచుకుంటే అడక్కుండానే సూది వేసేవారు. ఎలుకలు ఇబ్బంది పడుతున్నాయేమో చూడటానికి ఒక కమిటీ కూడా ఉంది. అది నెలనెలా తప్పక కూర్చుంటుంది.

ఇరవై ఒకటో రోజుకు గడ్డ ఆవగింజంత అయింది. ఇరవై ఏడో రోజుకు లేదు. నర్సవ్వ డబ్బా కడుక్కుని, తీసుకుపోదామని వచ్చింది.

"రేపటితో ప్రయోగం ముగుస్తుందమ్మా," అంది డాక్టర్. "మెదడు తీసి, పలచగా కోసి, అద్దాల మీద పెట్టి చూడాలి. గడ్డ పోయిందని అలాగే రుజువు చేస్తాం."

"పోయిందని మీరే అంటుండ్రు గద మేడమ్."

"నేనంటే చాలదు. నంబరున్న ఎలుకను బయటికివ్వడం కుదరదు. మనిషని పత్రం తెస్తే మనిషిగా పంపిస్తాం."

నర్సవ్వ మళ్లీ జలంధర్ దగ్గరికి పోయింది. మనిషి పత్రానికి నలభై ఐదు రోజులు, విచారణ ఉంటుంది అన్నాడు.

"ఎలుకకైతే ఒక్క పూటల ఇచ్చినవ్ గద?"

"ఎలుక ఏం అడగదవ్వా. మనిషైతే పింఛనంటడు, పడకంటడు, మందంటడు. గందుకే విచారణ."

ఆమె తిరిగొచ్చి పెట్టె ముందు కూర్చుంది. ఓదెలు గింజ కొరుకుతున్నాడు.

"ఏమైందే?"

"నలభై ఐదు దినాలట."

"ఉండనియ్యి. ఇరవై ఏడు దినాల సంది నన్నెవ్వలు రేపు రమ్మనలే."

"రేపు సంపుతరయ్యా."

"ఎర్కే. తారీకు చెప్పిండ్రు గద. వరండల ఉన్నప్పుడు అది సుత చెప్పలే."

ఆరు గంటలకు గది మూశారు.

బయట వరండాలో, తలకు తువ్వాలు బిగించుకున్న ఒక మనిషి చాప మీద మూలుగుతున్నాడు. పక్కనున్న అతని భార్య నర్సవ్వను ఆపింది.

"అక్కా, ఎలుక కాయితం ఏడ ఇస్తరు?"

"తహసీలాఫీసుల, మూడో కౌంటరు. తెలుపని రాయమను," అంది నర్సవ్వ. చేతిలోని డబ్బా ఆమెకిచ్చింది. "మూతకు సందు వదులు."