ఉడత సినిమా, బల్లి తోక

ఒక పెద్ద అడవిలో నీళ్లకు కరువుండేది గానీ అవార్డులకు ఏనాడూ కరువు లేదు.

ఉత్తమ గర్జనకు ఒకటి, ఉత్తమ నిద్రకు ఒకటి, గర్జించబోయి మానుకున్నందుకు ప్రత్యేక ప్రశంస ఒకటి. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి దండ వేస్తూనే ఉండేవాళ్లు. వీటన్నిటికంటే పెద్దది సినిమాలకిచ్చే 'బంగారు ఈక'. అడవిలో సినిమాలేమిటని అడక్కండి. ఇన్నేళ్లూ కథల్లో నక్కలు మాట్లాడుతుంటే నమ్మారు కదా, ఇదీ నమ్మండి.

బంగారు ఈకకు ఒక నియమం ఉంది. జ్యూరీ నామినేట్ చేసిన ఐదు సినిమాలనూ సింహం మహారాజు స్వయంగా, కళ్లు తెరిచి చూడాలి. ఆ 'కళ్లు తెరిచి' అన్న మాట ఆయన నాయనమ్మ పట్టుబట్టి చేర్చింది. మనవడి సంగతి ఆవిడకు బాగా తెలుసు.

ఉడత మంగతాయికి కావలసింది ఈక కాదు, ఆ తెరిచిన కళ్లు.

ఎందుకంటే, మంగతాయి ఉండే తూర్పు కొండకు ఒక్కటే ఊటగుంట. ఉడతలు, కుందేళ్లు, పిట్టలు, అందరూ తాగేది ఆ నీళ్లే. ఒకరోజు అడవిపంది వరహాల్రావు అటుగా వచ్చి గుంటలో దిగి పొర్లాడు. ఒంటికి హాయిగా అనిపించింది. మర్నాడూ వచ్చాడు. ఇక రోజూ వస్తూనే ఉన్నాడు. నీళ్లు మాయమై బురద మిగిలింది.

మంగతాయి మహారాజుకు అర్జీ పెట్టుకుంది. మహారాజు అర్జీలు చదవడు, వాటిని తలకింద పెట్టుకుని పడుకుంటాడు. నిద్ర లేచాక అర్జీ నీటి వ్యవహారాల మంత్రికి వెళ్లింది. నీటి వ్యవహారాల మంత్రి ఎవరో కాదు, వరహాల్రావే. 'విచారించాం. బురదలో కూడా నీరు ఉండును' అని జవాబొచ్చింది.

పిల్లలు పొద్దున్నే ఆకుల మీది మంచు నాకి బతుకుతున్నారు. ఎండలు ముదిరితే ఆ మంచూ ఉండదు. ఆ భయంతోనే మంగతాయి సినిమా తీసింది. పేరు 'కొండ కింద గుంట'. అందులో పాటల్లేవు, ఫైట్లు లేవు. ఒక్కో జీవం దాహంతో గుంట దగ్గరికి రావడం, బురదను చూడడం, తిరిగి వెళ్లిపోవడం. మధ్యలో వరహాల్రావు పొర్లడం. అందుకు ఆయన అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఇటు పక్క నుంచి తీస్తే ఇంకా బాగా వస్తానని సలహా కూడా ఇచ్చాడు.

సినిమా బాగుందా అంటే, చూసినవాళ్లందరికీ గొంతు ఎండిపోయింది. అయితే చూసినవాళ్లే తక్కువ.

ఇప్పుడు బల్లి గురించి చెప్పాలి.

బల్లి పలికితే నిజమవుతుందని ఆ అడవిలోనూ నమ్మకం. దాన్ని పెట్టుబడిగా చేసుకుని సత్యానందం అనే బల్లి నామినేషన్లకు జోస్యం చెప్పేవాడు. ప్రతి ఏడూ 'ఈ ఐదే వస్తాయి. ఒక్కటి తప్పినా నలుగురిలో నా తోక తెంపుకుంటా' అని శపథం చేసేవాడు. ఆ తెగువకు అడవి అదిరిపోయేది. ఇంత నిజాయితీపరుడు ఇంకొకడు లేడని మెచ్చుకునేది. బల్లి తోక తెగితే మళ్లీ మొలుస్తుందన్న సంగతి ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

సత్యానందం రోజూ సాయంత్రం మద్దిచెట్టు మీద చర్చలో కూర్చునేవాడు. చర్చ నడిపేది తీతువు అలివేలు. తీతువు మామూలుగా మాట్లాడినా కేక పెట్టినట్టే ఉంటుంది, ఆ ఉద్యోగం అందుకే ఇచ్చారు.

"ఐదో నామినేషన్ ఎవరికి? ఎవరికి? ఎవరికి?" అని అరిచింది అలివేలు.

"ముందు మొదటిది రాసుకోండి!" అంటూ కొమ్మ ఊపాడు కోతి బాబ్జీ. వరహాల్రావు మంత్రే కాదు, సినిమా హీరో కూడా. ఆయన అభిమాన సంఘానికి అధ్యక్షుడు బాబ్జీయే. "మా అన్నగారి 'ఒంటికోర వీరుడు'! ఇంటర్వెల్ ముందు అన్న ఒక్క కోరతో కొండనెత్తి అవతల పెడతాడు. అవతల పెట్టిన కొండను క్లైమాక్స్‌లో మళ్లీ ఇవతల పెడతాడు. అలాంటి నటన ఎవడు చేస్తాడండీ?"

"కొండ నటన గురించి కూడా మాట్లాడుకోవాలి" అన్నాడు సత్యానందం గంభీరంగా.

చెట్టు కింద నిలబడ్డ మంగతాయి ఉండబట్టలేక పైకి చూసి అడిగింది. "సత్యానందంగారూ, నేనూ ఒకటి తీశానండీ. 'కొండ కింద గుంట' అని. మీరు చూశారా?"

"లేదమ్మా."

"పోనీ, మిగతావి చూశారా?"

"అవీ చూడలేదు. చూసినవాడు చెప్పేది అభిప్రాయం తల్లీ. చూడకుండా చెప్తేనే జోస్యం."

చెట్టంతా చప్పట్లు కొట్టింది. మంగతాయికి ఒళ్లు మండిపోయింది. అయినా ఓపిక పట్టి జ్యూరీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లింది.

జ్యూరీ అధ్యక్షుడు అవునయ్య అనే తొండ. తొండ తల ఆడిస్తూనే ఉంటుంది కదా. ఎవరేం చెప్పినా ఒప్పుకున్నట్టే కనిపిస్తాడని ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

"మా సినిమా చూడండి బాబుగారూ" అంది మంగతాయి.

తల ఊపాడు.

"చూస్తారా?"

తల ఊపాడు.

"చూడరా?"

దానికీ ఊపాడు. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మాయీ, నీ దగ్గర దాపరికం దేనికి? మేం సినిమాలు చూస్తే ఒకరికొకటి నచ్చుతుంది, కొట్టుకుంటాం. సత్యానందం ఏ ఐదు చెప్తే ఆ ఐదే రాస్తాం. జనమూ సంతోషిస్తారు, మా మీదా మాట రాదు."

"మరి ఆయనేమో జ్యూరీ ఎటు మొగ్గుతుందో కనిపెట్టి చెప్తానంటున్నాడు కదండీ!"

"అంటే ఇద్దరం ఒక్కమాట మీదే ఉన్నామన్నమాట" అన్నాడు అవునయ్య, ఎంతో తృప్తిగా.

మంగతాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు కూడా పిల్లలకు దక్కకుండా నేల మీద పడ్డాయని ఏడుస్తూనే ఇంటికి పోయింది.

ఆమెకు సాయం చేసింది ఎవరి దయా కాదు, ఎదుటివాళ్ల అత్యాశ.

చర్చకు జనం పలచబడుతున్నారు. అలివేలు సత్యానందాన్ని పక్క కొమ్మకు పిలిచింది. "నీ జోస్యాలన్నీ నిజమై చస్తున్నాయి. చూడ్డానికి ఏం మిగిలింది? అవునయ్య జ్యూరీలోకి రాకముందు నువ్వు తోక తెంపుకున్న ఏడు చెట్టు మీద జాగా లేక పిట్టలు ఒకదాని మీదొకటి కూర్చున్నాయి. ఈసారి తోక తెగాల్సిందే."

సత్యానందం తన తోక వైపు చూసుకున్నాడు. పాతబడింది, చివర కాస్త రంగు కూడా పోయింది. పోతే పోనీ అనుకున్నాడు.

"అయితే ఒకటి కచ్చితంగా తప్పేటట్టు చెప్తాను. ఎవరూ చచ్చినా నామినేట్ చెయ్యని సినిమా ఏదైనా ఉందా?"

"ఆ ఉడత తీసిందటగా, గుంటో మిట్టో" అంది అలివేలు.

మర్నాడు సత్యానందం నాలుగు పేర్లు మామూలుగా చెప్పి, ఐదోదానికి కళ్లు మూసి, నాలుక చాచి, టిక్కుటిక్కుమని పలికాడు. "ఐదోది, ఉడత మంగతాయి తీసిన 'కొండ కింద గుంట'. రాకపోతే ఈ తోక మీది!"

అడవి నివ్వెరపోయింది. ఒక్క పూటలో ఆ సినిమా చూడనివాళ్లందరూ దాని గురించి మాట్లాడటం మొదలెట్టారు. తను రెండుసార్లు చూశానని ఎలుగుబంటి అంది. మొదటిసారి అర్థం కాలేదని, రెండోసారి అర్థం కాకపోవడమే గొప్పతనమని తెలిసిందని వివరించింది. కోతి బాబ్జీ అయితే, అందులోనూ పొర్లింది మా అన్నగారే కాబట్టి ఐదింట్లో రెండు మావే అని ఊరేగింపు తీశాడు.

జ్యూరీ కూర్చుంది. అవునయ్య తల ఊపాడు. సత్యానందం చెప్పిన ఐదూ వరుస తప్పకుండా నామినేట్ అయ్యాయి.

తోక తెగుతుందని తెల్లారకముందే వచ్చి కొమ్మలు పట్టుకున్న జనం ఉసూరుమంటూ ఇంటికి పోయారు. అలివేలు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సత్యానందం తోక ఊపుకుంటూ, లోపల ఏడుస్తూ, అభినందనలు అందుకున్నాడు.

మంగతాయి మాత్రం పిల్లల్ని దగ్గరికి తీసుకుని, "ఇంక మహారాజు చూస్తాడర్రా" అంది.

మహారాజు చూశాడు. మొదటి నాలుగూ నాయనమ్మను మనసులో తిట్టుకుంటూ చూశాడు. ఐదోది మొదలయ్యాక ముందుకు వంగాడు. పిల్ల కుందేలు బురదలో మూతి పెట్టి తల విదిలించుకునే చోట ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. మంగతాయి చివాలున లేచి నిలబడింది. అయ్యింది, ఇక మా గుంట మాకు వచ్చేసినట్టే అనుకుంది.

సినిమా అయ్యాక సింహం లేచి నిలబడ్డాడు.

"ఏం బురద!" అన్నాడు. "ఎంత సహజంగా ఉంది! నా జన్మలో ఇంత గొప్ప బురద చూడలేదు!"

బంగారు ఈక మంగతాయికే ఇచ్చాడు. 'ఒంటికోర వీరుడు'కే వస్తుందని పందెం కాసినందుకు సత్యానందం అక్కడికక్కడే తోక తెంపుకున్నాడు. అది నేల మీద ఎగిరెగిరి పడుతుంటే జనం పండగ చేసుకున్నారు. ఆ సందట్లో మంగతాయి ఈక పట్టుకుని మహారాజు ఎదుట మొర పెట్టుకుంది. "అది సినిమా బురద కాదు మహాప్రభో, నిజం బురదే! మేం తాగే నీళ్లు!"

"నిజమైన బురదేనా?" సింహం పరవశించిపోయాడు. "అయితే అది మన అడవి సంపద. ఇకమీదట ఆ గుంట రక్షిత స్థలం. తెర మీద ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలి. ఎవ్వరూ అందులో కాలు పెట్టడానికి వీల్లేదు!"

గుంట చుట్టూ కాపలాకు అడవికుక్కల్ని పెట్టారు. మంగతాయి బంగారు ఈకను మంచులో ముంచి, పిల్లల నోట్లో పిండింది. ఆ అవార్డు వల్ల ఇప్పటికి కలిగిన ప్రయోజనం అదొక్కటే.

అయితే మహారాజు ఆజ్ఞలో 'ఎవ్వరూ' అన్న మాటలోకి వరహాల్రావు కూడా వచ్చాడు.

మర్నాడు పొర్లడానికి వచ్చిన మంత్రిగారిని కుక్కలు కరిచినంత పని చేశాయి. ఆయన అలిగి పడమటి వాగుకు పోయాడు. ఇక్కడ గుంటను కదిపేవాళ్లు లేరు. ఊట దాని పని అది చేసుకుపోయింది. బురద మెల్లగా అడుక్కు దిగింది. కొన్నాళ్లకు గుంటలో ఆకాశం కనిపించసాగింది.

కాపలా కుక్కలు హడలిపోయాయి. "బురద పోయింది! అడవి సంపద ఎవరో ఎత్తుకుపోయారు!" అని రాజుగారి దగ్గరికి పరుగెత్తాయి.

సింహం స్వయంగా వచ్చాడు. వెనకే వరహాల్రావు, అవునయ్య, సత్యానందం, అలివేలు. అడవంతా పోగైంది. కొండ మీది పిల్లలు తేట నీళ్లను చూస్తూ, తాగే వీలు లేక, గుటకలు మింగుతున్నారు.

"ఎవరు చేశారీ పని?" అని గర్జించాడు సింహం.

వరహాల్రావు వినయంగా ముందుకొచ్చాడు. "ఎవరు చేశారో తర్వాత తేల్చుకుందాం మహారాజా. నన్నొక్క పూట దిగనివ్వండి. అచ్చం సినిమాలో ఉన్న బురదనే మళ్లీ చేసి చూపిస్తాను. అసలు ఆ బురద నా చేతి పనే."

"భేష్" అన్నాడు సింహం. అవునయ్య తల ఊపాడు. వరహాల్రావు ముందరి కాలు ఎత్తాడు.

మంగతాయికి ఆ ఎత్తిన కాలు, దాని కింద తేట నీళ్లు, ఇవతల పిల్లల ఎండిన మూతులు ఒక్కసారే కనిపించాయి. న్యాయం, ధర్మం, దాహం అన్నీ చెప్పి చూసింది. ఏదీ పని చెయ్యలేదు. ఈ దొరలకు అర్థమయ్యే భాష ఒక్కటే మిగిలింది.

"కట్!" అని అరిచింది.

వరహాల్రావు కాలు గాల్లోనే ఆగిపోయింది. అంతటి నటుడాయన.

"మహారాజా, ఇది రెండో భాగం!" అంది మంగతాయి. "షూటింగ్ నడుస్తోంది. మొదటి భాగంలో బురద, రెండో భాగంలో నీళ్లు. అదే కథ. మంత్రిగారు కాలు పెట్టారంటే సినిమా పాడైపోతుంది."

సింహం కళ్లు మెరిశాయి. "రెండో భాగమా! ముందే చెప్పవేం? వరహాల్రావ్, కాలు తీయ్!"

"కానీ మహారాజా, ఇందులో నా పాత్ర..."

"మీరు మొదటి భాగంలోనే చనిపోయారండి" అంది మంగతాయి.

"ఎప్పుడు తీతువమ్మా చర్చ?" అన్నాడు సత్యానందం ఆత్రంగా. "రెండో భాగానికి నామినేషన్ ఖాయం! రాకపోతే నా తోక తెంపుకుంటా!" అప్పటికి ఆయనకు తోకే లేదు. ఎవరూ గమనించలేదు.

"షూటింగ్ ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు సింహం.

"మాది చిన్న సంస్థ మహారాజా. కొత్త నటులు. కాస్త నిదానంగా తీస్తాం."

నేటికీ తీస్తూనే ఉన్నారు. తూర్పు కొండ జీవాలన్నీ రోజూ పొద్దున గుంట దగ్గరికి వస్తాయి. మంగతాయి రాయెక్కి యాక్షన్ అంటుంది. అందరూ కడుపు నిండా నీళ్లు తాగుతారు. అందరి దాహం తీరాక ఆమె తల అడ్డంగా ఊపి, "సరిగ్గా రాలేదర్రా, రేపు మళ్లీ తాగుదాం" అంటుంది.

నీతి: పెద్దవాళ్లకు మన బాధ అర్థం కాకపోయినా ఫరవాలేదు, మనకు పనికొచ్చేలా అపార్థం చేసుకుంటే చాలు.