వాగు అవతలి విదేశం

ఒక పెద్ద అడవిలో ఎవరిని పలకరించినా దవడ పట్టుకునే జవాబు చెప్పేవాళ్ళు. తేనెకూ తీపి పండ్లకూ కొదవలేని అడవి అది. తినడం అందరికీ వచ్చు, తిన్నాక నోరు పుక్కిలించడం ఎవరికీ రాదు. అందుకని పులి దగ్గర్నుంచి పందికొక్కు దాకా అందరివీ పిప్పిపళ్ళే.

అడవి చివర పెద్ద ఏరు, ఏటికి అవతల ఇంకో అడవి. అక్కడ పళ్ళ వైద్యం నేర్పే బడి ఒకటి ఉంది. ఏటా వానలు వెనకపట్టి ఏరు తగ్గినప్పుడు అవతలి గట్టు నుంచి ఒక ముసలి తాబేలు వచ్చేవాడు. చదువుకుంటామన్నవాళ్ళు ఒకరుంటే వీపు మీద ఎక్కించుకుని తీసుకుపోతానని చెప్పేవాడు. "అంత దూరం ఎవరు పోతారులే తాతా" అని ఈ అడవివాళ్ళు దవడలు పట్టుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఆ యేడు మాత్రం ఎలుగుబంటి కూతురు బొద్దమ్మ పోతానంది. వాళ్ళమ్మ కుడి దవడ బూరెలా పొంగి ఉంది. తేనెపట్టు ఎదురుగా పెట్టుకుని తినలేక ఏడుస్తున్న తల్లిని చూసి ఆ పిల్లకు కడుపు తరుక్కుపోయింది.

"నేను పోయి నేర్చుకొస్తానమ్మా. రాగానే ముందు నీ పన్నే పీకుతాను."

"మా అమ్మే" అంది తల్లి, ఎడమ దవడతో.

సంగతి విదేశీ సలహా మండలి దాకా వెళ్ళింది. మండలి అంటే ఎంతోమంది ఉంటారనుకునేరు, కొండముచ్చు ఒక్కడే. కుర్రతనంలో ఆయన ఏటి ఒడ్డున ఒక దుంగ మీద కునుకు తీస్తుంటే ఆ దుంగ కొట్టుకుపోయి అవతలి గట్టుకు చేరింది. ఒక పూట అక్కడ తిరిగాడు. తాబేలు జాలిపడి వెనక్కి తెచ్చి దించాడు. అప్పట్నుంచి ఆయన ఏం మాట్లాడినా "నేను అక్కడున్నప్పుడు" అనే మొదలుపెడతాడు.

"నేను అక్కడున్నప్పుడు కళ్ళారా చూశాను" అన్నాడు కొండముచ్చు, బొద్దమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని. "అక్కడ ఎవరూ ఎవరినీ పలకరించరు. తిన్నావా అని అడగరు. ఒకరింటికి ఒకరు పోరు. గట్టిగా మాట్లాడరు, ఆ మాటకొస్తే అసలు మాట్లాడరు. ఇక్కడి అలవాట్లతో నువ్వు అక్కడికి పోతే పరువు పోతుంది."

"నా పరువేనా మావా?"

"నాది. నన్నెరిగిన ప్రాంతం అది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ముందు ఇక్కడ అలవాటు చేసుకోవాలి. అందుకు ఇక్కడే ఒక విదేశం కావాలి."

అడవి మధ్యలో మోకాటి లోతు వాగు ఒకటి పారుతుంది. దానికి తూర్పు పక్కంతా ఇక నుంచి విదేశమని కొండముచ్చు చాటించాడు. గట్టు పొడవునా ముళ్ళకంప వేయించి ఒకచోట దారి వదిలాడు. రాత్రి మామూలుగా పడుకున్న తూర్పువాళ్ళు తెల్లారేసరికి విదేశీయులై లేచారు. పడమటివాళ్ళు లోపలికి పోయి, విదేశంలో మసలే పద్ధతి నేర్చుకుని, నుదుట మట్టిముద్ర వేయించుకుని రావాలి. ఆ ముద్ర ఉంటేనే తాబేలు ఎక్కనిస్తాడని ఆయనే చెప్పాడు. తాబేలుకు మాత్రం చెప్పలేదు.

దారి పక్కనే బొరియ ఉందని ముంగిసను అధికారిని చేశారు. ముంగిస మొదట బెదిరిపోయాడు.

"నాకు చేతకాదు మావా. నేను పుట్టి పెరిగింది ఇక్కడే గదా, విదేశీయుణ్ణి ఎట్టా అవుతాను?"

"ఏం లేదురా, ముఖం చిట్లించు. మిగతాదంతా దాని వెనకే వస్తుంది."

"ఎవరినన్నా వద్దంటే, ఎందుకు వద్దన్నావని అడుగుతారేమో?"

"కారణం చెప్పకూడదు. చెబితే మనవాడేనని కనిపెట్టేస్తారు."

ముంగిస ఆ పూటంతా వాగు నీళ్ళలో చూసుకుంటూ ముఖం చిట్లించడం నేర్చుకున్నాడు. చక్కగా కుదిరింది. సాయంత్రం ఇంటికి పోయేముందు మళ్ళీ మామూలుగా పెడదామంటే రాలేదు.

మర్నాడు బొద్దమ్మ వెళ్ళి నిలబడింది. నిన్నటిదాకా తను "ముంగిస బాబాయ్" అని పిలిచినవాడే, ఇప్పుడు ఎవరో పరాయివాణ్ణి చూసినట్టుంది ఆమెకు.

"ఎందుకొచ్చావు?"

"పళ్ళ వైద్యం నేర్చుకోవడానికి పోవాలండీ. ముద్ర కోసం వచ్చాను."

"నేర్చుకున్నాక తిరిగి వెళ్ళిపోతావా?"

"వెళ్ళిపోతానండీ."

"ఏం, మా దేశం నచ్చలేదా?" పొమ్మన్నాడు.

ఇంకోరోజు అదే ప్రశ్నకు తిరిగి వెళ్ళనని చెప్పింది. "అయితే ఇక్కడే పాతుకుపోదామని చూస్తున్నావన్నమాట" అని పొమ్మన్నాడు. మరోసారి ఏం చెబితే ఏం తప్పోనని నోరు విప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పలేదని పొమ్మన్నాడు. ఇంటికొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తల్లి నిమిరింది గానీ, ఒక్క మాట అనడానికి ఆమెకు దవడ కదల్లేదు.

ఈలోగా అడవిలో తూర్పు పిచ్చి ముదిరింది. రానివ్వడం లేదంటే అందులో ఏదో ఉండే ఉంటుందని అందరికీ తోచింది. పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి వరస కట్టారు. అడవిపంది కొడుక్కి ఎలా దొరికిందో ప్రవేశం దొరికింది. ఇక తండ్రిని పట్టుకోలేకపోయారు. పడమటి గట్టున నిలబడి దారిన పోయేవాళ్ళందరికీ చూపించేవాడు.

"మావాడు ఫారిన్‌లో ఉంటున్నాడండీ. అదుగో, ఆ బురదలో పొర్లుతున్నది వాడే."

పొద్దున్నే గట్టు మీంచి కేకేసేవాడు. "ఒరే, తిన్నావా?"

"నాన్నా, ఇక్కడ అట్టా అడక్కూడదు" అని కొడుకు అటు తిరిగి పొర్లేవాడు. తండ్రికి మనసు చివుక్కుమనేది. కానీ లోలోపల గర్వంగానే ఉండేది.

కొన్నాళ్ళకు కొండముచ్చుకు మేడిపండ్ల మీదికి మనసు పోయింది. ఆయన మేడిచెట్టు తూర్పునే ఉంది. చేతులు ఊపుకుంటూ దారి దగ్గరికొచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాడు ముంగిస.

"నా చెట్టు మీదికిరా. ఏం, తిన్నావా?"

ముంగిస ముఖంలో ఇంకో రెండు ముడతలు పడ్డాయి. "ఈ దేశంలో ఆ ప్రశ్న అడగరండీ."

"ఆ సంగతి నీకు చెప్పింది నేనే గదరా. ఈ దేశాన్ని కట్టింది నేను."

"వరసలో వచ్చేవాళ్ళంతా ఇట్టాంటిదే ఏదోటి చెబుతున్నారు. వెనక్కి జరగండి."

కొండముచ్చు కారణం అడిగాడు. ముంగిస చెప్పలేదు. కొండముచ్చుకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆ వెంటనే, తను నేర్పింది ఇంత బాగా వంటబట్టిందే అని కాస్త ముచ్చట కూడా వేసింది. వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

ఏరు తగ్గింది. ఇక తాబేలు వచ్చే వేళయిందని ముద్ర కోసం వరస ఇంకా పెరిగింది. ఏటి ఒడ్డున మాత్రం ఒక్క పురుగు కూడా లేదు. చల్లటి నీళ్ళలో దవడ ముంచి కూర్చున్న ఎలుగుబంటి తల్లి ఒక్కతే ఉంది.

తాబేలు గట్టుకు చేరి తల బయటికి పెట్టాడు. "చదువుకి వచ్చేది నువ్వేనా తల్లీ?"

"నేను కాదు తాతా, మా అమ్మాయి. ఉండు, పిలుచుకొస్తాను."

పరుగున పోయి వరసలో కూతుర్ని పట్టుకుంది. బొద్దమ్మ కదల్లేదు.

"ఇప్పుడు తప్పుకుంటే మళ్ళీ చివర్నించి నిలబడాలమ్మా. ముద్ర లేకపోతే తాత ఎక్కనివ్వడంట."

"ఎవరన్నారే?"

"మావ అన్నాడు."

"నిజమేనమ్మా" అన్నాడు కొండముచ్చు చివర్నించి. "నేను అక్కడున్నప్పుడు..."

తల్లి మిగతాది వినకుండా ఏటికి పరుగెత్తింది. తాబేలు అప్పటికే కాళ్ళు కదుపుతున్నాడు.

"ఇక ఆగితే నా పొట్ట ఇసకకు తగులుతుందమ్మా."

"తాతా, నీ వీపెక్కాలంటే ముద్ర కావాలా?"

"ఏం ముద్ర? కదలకుండా కూర్చుంటే చాలు."

ఆమె ఒకసారి అడవి వైపు చూసింది. కూతురు వస్తుందేమోనని చూసింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అదే సమయానికి పన్ను సలుపు నెత్తికెక్కింది. ఇంకేం ఆలోచించలేక తాబేలు వీపెక్కింది. పళ్ళు బిగబట్టుకుని కూర్చుందామనుకుంది గానీ, అందుకు పనికొచ్చే పళ్ళు కావవి.

తాబేలు పోయిన మర్నాడే ముంగిస బొద్దమ్మకు ముద్ర వేశాడు. ఎందుకు వేశాడో అదీ చెప్పలేదు. ముద్రతో లోపలికి పోయిన పిల్లకు బయటికి రావడానికి మాత్రం మళ్ళీ అనుమతి దొరకలేదు.

మళ్ళీ ఏరు తగ్గిన రోజుల్లో ఎలుగుబంటి తల్లి తిరిగొచ్చింది. దవడ దిగిపోయింది. చేతిలో నారతాడు ఉంది. నోరారా నవ్వుతోంది, ఈ అడవిలో అంతకుముందు ఎవరూ చూడని విషయం అది. వాగుకు అటూ ఇటూ అందరూ మూగారు. ఏడాదిగా వరసలోనే ఉన్న కొండముచ్చు అక్కణ్ణుంచే మెడ చాచాడు.

"అక్కడ నువ్వెవరినీ పలకరించలేదు గదా?"

"పలకరించకపోతే వాళ్ళూరుకుంటారా? దిగీ దిగగానే తిన్నావా అన్నారు. పన్ను నొప్పి, తినలేనన్నాను. పీకేసి, దగ్గర కూర్చుని తినిపించారు. ఇక రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చోవడమే. ఆ గోలలోనే చదువు కూడా అయింది."

"నేను అక్కడున్నప్పుడు ఒక్క ప్రాణీ మాట్లాడలేదే?"

"నువ్వు పోయింది ఎండ మండే మిట్టమధ్యాహ్నమట. తాబేలు తాత చెప్పాడు. అందరూ నిద్రపోతున్నారట."

"నిద్రలో కూడా ఎంత క్రమశిక్షణో చూడు" అన్నాడు కొండముచ్చు.

ఎలుగుబంటి తల్లి పడమటి గట్టున నీడ చూసుకుని కూర్చుంది. పులితో మొదలుపెట్టి ఒక్కో పిప్పిపన్నుకూ నారతాడు ముడేసి లాగసాగింది. తూర్పు గట్టు మీద నుదుట ముద్రతో నిలబడి చూస్తున్న బొద్దమ్మ ఇక ఆగలేకపోయింది. ముళ్ళకంప మీంచి దూకి, మోకాటి లోతు నీళ్ళలో నడిచి తల్లి దగ్గరికొచ్చేసింది.

"అమ్మా, నేను రాలేకపోయాను. నాకూ నేర్పుతావా?"

"నీకు నేర్పాలనే గదే నేను నేర్చుకొచ్చింది. ముందు నోరు తెరు" అంది తల్లి.

ఆ పిల్లను చూసి తూర్పువాళ్ళంతా దవడలు పట్టుకుని వాగులోకి దిగారు. అడవిపంది కొడుకు బురద కార్చుకుంటూ వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. సాయంత్రానికి విదేశంలో ముంగిస ఒక్కడే మిగిలాడు. అతని దవడా వాచే ఉంది. కానీ అధికారి అనుమతి లేకుండా దేశం విడిచి ఎట్టా పోతాడు?

దారికి ఎదురుగా వెళ్ళి ఒక్కడే వరస కట్టాడు. తన వంతు రాగానే చుట్టు తిరిగొచ్చి లోపల కూర్చున్నాడు.

"ఎందుకు వెళ్తున్నావు?" అని అడిగాడు.

"పన్ను నొప్పండీ" అని తనే చెప్పాడు.

"తిరిగి వస్తావా?"

"వస్తానండీ."

ముంగిసకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. ముఖం చిట్లించి రేపు రమ్మన్నాడు. దవడ పట్టుకుని వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డాడు.

నీతి: విదేశం పోదలిచినవాళ్ళు ముందుగా ఏమీ తెలుసుకోకూడదు, పన్ను నొప్పి ఒక్కటి ఉంటే చాలు.